లీడ్ సింగర్ కాకుండా బ్యాండ్‌లో మిగతావాళ్లు లీడ్ పాడాలంటే ఏమేం చూసుకోవాలి?

శనివారం_సెట్:

నమస్తే అందరికీ. హైదరాబాద్‌లో కవర్స్ వాయించే ఆరుగురి బ్యాండ్ మాది. లీడ్ సింగర్ అమ్మాయి, తన పాటల్లో ఎక్కువ భాగం 6 శ్రుతిలో, అంటే ఏ లో ఉంటాయి. గిటార్, బేస్, కీబోర్డ్, డ్రమ్స్, తబలా వాయించే ఐదుగురం మగవాళ్లం. వారాంతాల్లో గచ్చిబౌలి, జూబ్లీహిల్స్ కేఫ్‌లలో 45 నిమిషాల సెట్లు రెండు చేస్తాం. పెళ్లిళ్ల సీజన్‌లో సంగీత్‌లు, అవి మూడు గంటలు సాగుతాయి. రెండో సెట్ సగానికి వచ్చేసరికి ఆమె గొంతు అలసిపోతోంది. అందుకని బేసిస్ట్, డ్రమ్మర్, కీబోర్డ్ ప్లేయర్ తలా ఒకటి రెండు పాటలు లీడ్ పాడాలనుకుంటున్నాం. ముగ్గురూ శ్రుతిలోనే పాడతారు, కానీ ఇప్పటిదాకా కోరస్ వరకే.

తెలియాల్సినవి ఇవి. పాడే మనిషిని బట్టి శ్రుతి ఎలా ఎంచాలి, మారిస్తే మిగతా వాయిద్యాల సంగతేంటి? వాయిస్తూ పాడేటప్పుడు చేతులు తడబడకుండా సాధన ఎలా? డ్రమ్మర్ మైకులోకి సింబల్స్ అన్నీ వచ్చేస్తున్నాయి, దానికి ఏం చేయాలి? మా దగ్గర ఎస్ఎం58 మైకులు నాలుగు, ఎక్స్ఆర్18 డిజిటల్ మిక్సర్ ఉన్నాయి.

నాలుగో_తీగ:

ముందు శ్రుతి తేల్చండి. అది తేలకుండా సాధన మొదలుపెడితే చేసిందంతా మళ్లీ చేయాల్సి వస్తుంది.

పల్లవి పాడించి శ్రుతి ఖాయం చేసేయడం చాలా బ్యాండ్లలో ఉన్న అలవాటు. మన సినిమా పాటల్లో పల్లవి చాలావరకు మధ్య స్థాయిలోనే తిరుగుతుంది. గొంతుకు అసలు పరీక్ష చరణంలో, మళ్లీ పల్లవి అందుకునే ముందు పైకి లేచే లైన్ దగ్గర. ఆ ఒక్క లైన్ తీసుకోండి. ఇంట్లో హార్మోనియం ముందు కూర్చొని కాదు, రిహార్సల్ రూమ్‌లో డ్రమ్స్ మోగుతుండగా, ఓ గంట వాయించాక, వరసగా మూడుసార్లు పాడించండి. మూడోసారి కూడా గొంతు బిగుసుకోకుండా వచ్చిన శ్రుతి నుంచి ఒక్క సెమీటోన్ దించి అక్కడ ఆగండి. భయపడి ఇంకా దించితే పల్లవి మొదటి మాటలు గొంతు అడుగుకు పోయి గిటార్, కీబోర్డ్ కింద కలిసిపోతాయి. ఫేడర్ ఎంత పెంచినా అవి బయటికి రావు. పెద్దగా సాధన లేని మగ గొంతుకు మిడిల్ సీ పైన ఉండే ఈ, ఎఫ్‌ల దగ్గర హద్దు ఉందనుకొని పాటలు వెతకండి.

పాట ఎంపికలోనే సగం పని అయిపోతుంది. 1967లో బీటిల్స్ బ్యాండ్ సార్జంట్ పెప్పర్స్ ఆల్బమ్‌లో డ్రమ్మర్ రింగో స్టార్ పాడే పాటను లెనన్, మెక్‌కార్ట్నీ అతని గొంతు కొలతకే రాశారు. చివర ఎత్తుకునే ఒక్క పై స్వరం మినహా చరణాల వరస దాదాపు ఐదు స్వరాల మధ్యే నడుస్తుంది. మీరు కొత్త పాటలు రాయడం లేదు కాబట్టి అలాంటి తక్కువ వ్యాప్తి ఉన్న పాటలు ఏరుకోవాలి. ఈగల్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్‌లో బేసిస్ట్ రాండీ మైస్నర్ స్టూడియోలో అందుకున్న పై స్వరాలను టూర్‌లో ప్రతి రాత్రీ పాడాల్సి రావడం అతనికి భారమైంది. దాని మీద గొడవలు ముదిరి 1977లో బ్యాండ్ వదిలేశాడు. ఒకసారి అందిన స్వరం వేరు, మూడు గంటల సంగీత్‌లో రెండో గంటలో అందే స్వరం వేరు.

మీ లైనప్‌కు నేనైతే మొదట 2 శ్రుతి, అంటే డీ చూస్తాను. కారణం మీ తబలా. 6 శ్రుతికి కలిపిన కుడి (జంటలో కుడిచేత్తో వాయించేది), డీ కి సరిగ్గా పంచమం అవుతుంది. సుత్తి ముట్టుకోకుండానే తర్వాతి పాటలోకి వెళ్లిపోవచ్చు. అదే ఒకటిన్నరకు వెళ్తే పంచమం ఐదున్నర, అంటే కుడిని ఒక సెమీటోన్ దించాలి. అది దిగుతుంది కానీ గట్టాలన్నీ (పక్కన బిగించే చెక్క ముక్కలు) సర్దడానికి టైమ్ పడుతుంది, ఆ టైమ్ స్టేజి మీద ఉండదు. షడ్జానికే కలుపుదామని అదే కుడిని 6 నుంచి 2 దాకా లాగాలని మాత్రం చూడొద్దు, చర్మం వదులైపోయి నాదమే ఉండదు. పాటలో పంచమం వర్జ్యమైతే, అంటే ఆ స్వరమే రాకపోతే, పెద్ద మూతి ఉన్న ఇంకో కుడి తెచ్చుకోవాల్సిందే.

గిటార్‌కు డీ హాయి. ఒకటిన్నర కావాలంటే సీ షేపులు పట్టి కాపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ మీద నొక్కి పట్టే క్లిప్) మొదటి ఫ్రెట్‌లో పెట్టాలి. కాపో పైకి తీసుకెళ్లగలదు గానీ కిందికి దించలేదు కదా. ఏ లో ఓపెన్ తీగల మీద కట్టిన రిఫ్ (పదే పదే వచ్చే చిన్న గిటార్ ముక్క) ఉంటే అది డీ లో అలాగే పలకదు. గిటారిస్ట్ దాన్ని కొత్తగా కట్టుకోవాలి, ఒక రిహార్సల్ అందుకే పెట్టండి. నాలుగు తీగల బేస్‌లో కింది హద్దు ఈ. ఏ లో పునాది ఈ తీగ ఐదో ఫ్రెట్‌లో ఉండేది, డీ కి మారితే ఏ తీగ ఐదో ఫ్రెట్‌కు వెళ్తుంది, పాట కింద కొంచెం పలచబడుతుంది. ఐదు తీగల బేస్ ఉంటే సమస్య తీరినట్టే. లావు తీగను డీ కి దించి వాయించొచ్చు గానీ, ఆ పాట పాడేది బేసిస్టే అయితే వద్దు. ఫ్రెట్లు మారిపోయిన తీగను చూసుకుంటూ సాహిత్యం గుర్తుపెట్టుకోవడం రెండింతల బరువు.

ఇక బేసిస్ట్ సాధన. నాలుగు బార్ల బేస్ లైన్‌ను కాగితం మీద పదహారు గళ్ల చొప్పున గీసి కింద అక్షరాలు రాయండి. దెబ్బ, అక్షరం ఒకే గడిలో పడేచోట ఇబ్బంది ఉండదు. అక్షరం రెండు దెబ్బల మధ్య పడే గళ్లకు గుర్తు పెట్టండి, చేతులు తప్పేది అక్కడే. అసలు టెంపోలో అరవై శాతానికి మెట్రోనమ్ పెట్టి, ఆ ఒక్క బార్‌ను తిప్పి తిప్పి వాయించాలి. మొదట సాహిత్యాన్ని మాటలుగా పలుకుతూ, తర్వాత ఒకే స్వరం మీద, ఆ తర్వాతే వరసతో. రాగం ముందే కలిపేస్తే తప్పింది చెయ్యో గొంతో తెలియదు. అప్పటికీ కుదరకపోతే లైన్ తేలిక చేయండి. పాడుతున్నంతసేపు కిక్‌తో పాటు పునాది స్వరం చాలు, నడకలన్నీ ఇంటర్‌ల్యూడ్‌లో వాయించుకోవచ్చు. చరణంలో పై స్వరం వచ్చే బార్‌లో ఎడమచేయి నెక్ మీద జరగాల్సిన అవసరం లేకుండా ఫింగరింగ్ పెట్టుకోండి. చెయ్యి దూకిన క్షణంలోనే శ్రుతి దిగుతుంది.

రిహార్సల్ రికార్డ్ చేసి వింటే ఇంకొకటి కూడా పట్టుబడుతుంది. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ధ్యాస చేతుల మీదికి వెళ్లగానే ఆ చివరి అచ్చు పొట్టిదైపోతుంది, లేదా సాగదీసిన దీర్ఘం కిందికి జారుతుంది. ప్రతి లైన్ చివర దీర్ఘం ఎన్ని బీట్లు నిలవాలో సాహిత్యం పక్కనే అంకె వేసుకోమనండి.

గుజరాతీగల్లీ_సౌండ్:

మైకుల సంగతి నేను చెప్త. అన్న శ్రుతి గురించి మంచిగ చెప్పిండు.

డ్రమ్మర్ ముందు మైకు పెడితే అది గొంతును ఎంత పడ్తదో స్నేర్‌ను, హైహ్యాట్‌ను కూడ అంతే పడ్తది. ముందుగల మూతికి, మైకు జాలికి నడుమ రెండు వేళ్ల కన్న ఎక్కువ దూరం ఉండొద్దు. ఆ దూరం రెండింతలైతే గొంతు 6 డీబీ పడిపోతది, మీరు గెయిన్ పెంచుతరు, సింబల్స్ కూడ దానితోనే లేస్తయి. మైకును గడ్డం కింది నుంచి కొంచెం పైకి చూసేటట్టు పెట్టాలె. అప్పుడు దాని వెనకభాగం స్నేర్ వైపు తిరుగుతది. ఎస్ఎం58 కార్డియాయిడ్, అంటే ముందు సప్పుడునే ఎక్కువ పట్టే రకం, ఏం వినబడని జాగ సరిగ్గ దాని వెనకాల ఉంటది. ఈ945 మైకు అసొంటి సూపర్‌కార్డియాయిడ్ (ఇంక సన్నగ పట్టే రకం) దొరికితే డ్రమ్మర్‌కు అది ఇంక మంచిది, కాని దాని చెవిటి జాగలు వెనకాల కాదు, ముందు నుంచి కొలిస్తే సుమారు 126 డిగ్రీల దగ్గర రెండు పక్కల ఉంటయి. స్నేర్, హైహ్యాట్ ఆ కోణంలకు వచ్చేటట్టు మైకును తిప్పుకోవాలె. మానిటర్, అంటే పాడేటోళ్లకు వినబడేటందుకు ముందల కింద పెట్టే స్పీకర్ (వెడ్జ్), కూడ గట్లనే. 58కి వెడ్జ్ సక్కగ వెనకాల పెట్టాలె, సూపర్‌కార్డియాయిడ్‌కు పక్కకు జరపాలె. మైకు మార్చి వెడ్జ్‌ను అదే జాగల వదిలేసిండ్రంటే ఈల కొడ్తది.

చాలామందికి తట్టని ముచ్చట ఏందంటే, డ్రమ్మర్ మైకు ముందుభాగం చూసేది ఆయన వెనకున్న గోడను. మన కేఫ్‌లల్ల ఆ గోడ అద్దం ఉంటది. సింబల్ సప్పుడు అద్దానికి కొట్టుకొని వాపస్ సీదా మైకులకే వస్తది. డ్రమ్మర్ వెనకాల మందం పరదనో రెండు దుప్పట్లో స్టాండ్‌కు వేలాడదీయున్రి. ఏ ప్లగిన్‌తోని రాని తేడా వస్తది.

మిక్సర్ల ఆ చానల్‌కు హైపాస్ (కింది మోతను కోసే ఫిల్టర్) 130 నుంచి 150 హెర్ట్జ్ దాక పెట్టున్రి. కంప్రెసర్ (గట్టి సప్పుడును నొక్కేది) 3:1, లీడ్ పాడేటప్పుడు కూడ 3, 4 డీబీ కన్న ఎక్కువ నొక్కొద్దు. మేకప్ గెయిన్‌తోని 8 డీబీ ఎత్తిండ్రనుకో, లైన్ అయిపోయిన ప్రతిసారి సింబల్స్ 8 డీబీ పైకి తేలుతయి. పాట ఊపిరి పీల్చినట్టు ఉంటది, వినేటోళ్లకు తల నొస్తది. గేట్ (సప్పుడు తగ్గంగనే మైకును మూసేది) పెట్టొద్దు. మెల్లగ పాడే మాట కాడ మూసుకుంటది, స్నేర్ కొడితే తెర్సుకుంటది, అంత ఉల్టా పని. దానికి బదులు ఎక్స్‌పాండర్ (పూర మూయకుండ కొంచెం తగ్గించేది), 6 డీబీ రేంజ్, చాలు. ఆయన పాడని పాటలల్ల ఆ మైకు మ్యూట్ ఉండాలె. ఎక్స్ఆర్18ల మ్యూట్ గ్రూపులు నాలుగున్నయి, ఒకటి దీనికే ఇయ్యున్రి. తెరిచిన మైకులు రెండింతలైతే ఈల రాకముందు దొరికే గెయిన్ 3 డీబీ తగ్గుతది. నలుగురి మైకులు పొద్దంత తెరిచి పెట్టుకొని ఫీడ్‌బ్యాక్ ఎందుకొస్తుందని అడుగుడు ఉండొద్దు.

కేఫ్‌ల డ్రమ్మర్ లీడ్ పాడే పాటకు ఓవర్‌హెడ్ మైకులు (డ్రమ్స్ మీద వేలాడే సింబల్స్ మైకులు) బంద్ చేయున్రి. సింబల్స్ గొంతు మైకుల ఎట్లైనా వస్తున్నయి, రెండు తొవ్వల వస్తే సప్పుడు పలచగ, డొల్లగ అయితది. రివర్బ్ కూడ ఆయనకు సగం చాలు, లేకుంటే హైహ్యాట్ గుహల వాయించినట్టు ఉంటది.

బూమ్ స్టాండ్ హైహ్యాట్ వైపు నుంచి, స్టాండ్‌కు స్టాండ్ తగలకుండ పెట్టున్రి. డ్రమ్స్ అదురుకు బూమ్ మెల్లగ దిగుతది, నట్టు గట్టిగ తిప్పి టేప్ సుట్టున్రి. పల్చటి స్టాండ్లు ఈ పనికి రావు. కోఠి గుజరాతీ గల్లీల బరువు అడుగున్న బూమ్ స్టాండ్ అడగున్రి, కొనే ముందు అక్కడనే మైకు తగిలించి చేయి పూర సాపి చూడున్రి. హెడ్‌సెట్ మైకు తీసుకుంటే మెడ తిప్పినా దూరం మారది, కాని కండెన్సర్ అయితే మిక్సర్ నుంచి మైకుకు పోయే 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు ఉందా లేదా చూసుకోవాలె, దగ్గు, ఊపిరి అన్ని బయటికి వినబడ్తయి కాబట్టి మ్యూట్ మీద ఒకరి వేలు ఉండాలె.

ఘోస్ట్_నోట్:

డ్రమ్మర్ పాడే పాట గురించి కొంచెం. టెంపో ఎందుకు పరుగెడుతుందంటే, ఊపిరి తీసుకునే చోటు, ఫిల్ (లైన్ల మధ్య ఖాళీ నింపే చిన్న డ్రమ్స్ ముక్క) వాయించే చోటు రెండూ లైన్ చివరే ఉంటాయి. ఊపిరి కోసం తొందర, ఫిల్ కోసం తొందర కలిసి తర్వాతి సమాన్ని ముందుకు లాక్కొస్తాయి. పరిష్కారం మొరటుదే: పాడుతున్న చరణాల్లో ఫిల్స్ తీసేయండి. లైన్ చివర హైహ్యాట్ ఓపెన్ చేసి మూస్తే సరిపోతుంది. ఫిల్ ఇంటర్‌ల్యూడ్‌లోకి వెళ్లేటప్పుడు ఒక్కటి. క్లిక్ (మెట్రోనమ్ శబ్దం) ఉంటే చెవిలో పెట్టుకోవాలి, లేకపోతే బేసిస్ట్ టెంపో పట్టుకుంటాడని ముందే అనుకోవాలి.

క్రాష్ మీద చెయ్యి బలంగా పడినప్పుడు పొట్ట కండరం బిగుస్తుంది, అదే క్షణంలో ఉన్న అక్షరం కేకలా బయటికొస్తుంది. పై స్వరం మీద క్రాష్ వద్దు, ఒక బీట్ తర్వాత వేయండి.

ఏ పాట ఇవ్వాలి? నెమ్మదిగా సాగే 6/8 పాటలు మంచివి. ఊపిరికి చోటుంటుంది, కుడిచేయి ఆగకుండా ఒకే నడకలో ఉంటుంది. తీన్మార్ బీట్ ఉన్న పాట డ్రమ్మర్‌తో లీడ్ పాడించొద్దు. సంగీత్‌లో ఆ పాటకు జనం లేచేదే దెబ్బ కోసం. దెబ్బ తగ్గిస్తే పాట పోతుంది, తగ్గించకపోతే గొంతు పోతుంది. అలాంటిది అతనే పాడాలని ఉంటే సీటు మార్చండి. జెనెసిస్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్‌లో సింగర్ పీటర్ గేబ్రియల్ 1975లో వెళ్లిపోయాక డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ లీడ్ సింగర్ అయ్యాడు, 1976 టూర్‌కు డ్రమ్స్ మీద బిల్ బ్రూఫోర్డ్‌ను, ఆ తర్వాత చెస్టర్ థాంప్సన్‌ను కూర్చోబెట్టారు. కాలిన్స్ పాట లేని చోట్ల మళ్లీ డ్రమ్స్ దగ్గరికి వెళ్లేవాడు. మీకు ఇంకో డ్రమ్మర్ అక్కర్లేదు, తబలా అతనికి ఆక్టోప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్) వాయించడం వచ్చి ఉంటే ఆ ఒక్క పాట నడిపించేస్తాడు. కిక్, స్నేర్ శబ్దాలు మీ కిట్‌కు దగ్గరగా ఉండేలా ముందే ఎంచి, లెవెల్ సౌండ్‌చెక్‌లోనే కలపండి. ప్యాడ్ నేరుగా లైన్‌లోకి వస్తుంది కాబట్టి కేఫ్‌లో కిట్ కంటే ఎప్పుడూ ఎక్కువే వినిపిస్తుంది.

శనివారం_సెట్:

చాలా థ్యాంక్స్ అండీ. తబలా పంచమం మాట మాకు తట్టనే లేదు, చాలా పనికొస్తుంది. రెండు సందేహాలు మిగిలాయి. కీబోర్డ్ ప్లేయర్ ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కేస్తే సరిపోతుందా? కొన్ని పాటలకు ల్యాప్‌టాప్ నుంచి ట్రాక్ కూడా నడుస్తుంది. ఇంకొకటి, ఈ పాటలు వరసలో ఎక్కడ పెట్టాలి, అప్పుడు మా సింగర్ ఏం చేయాలి?

రిజిస్ట్రేషన్_బ్యాంక్:

బటన్ పనిచేస్తుంది, కానీ ఏ నుంచి డీ కి ప్లస్ 5, మైనస్ 7 రెండు దారులున్నాయి. మైనస్ 7 చేస్తే ఎడమచేతి కార్డులు బేస్ గిటార్ ఉన్న చోటికి దిగి బురద అవుతుంది. ప్లస్ 5 చేసి ఎడమచేతిని కొంచెం కింద పట్టడం మేలు. స్ప్లిట్ పెట్టిన (ఎడమ, కుడి చేతులకు వేరే శబ్దాలు ఇచ్చిన) సౌండ్లలో హద్దు మారుతుందేమో మీ మోడల్‌లో విని చూసుకోండి.

అసలు ప్రమాదం తర్వాతి పాటలో. ట్రాన్స్‌పోజ్ సున్నాకు తేవడం మర్చిపోతే మొదటి కార్డుకే అందరూ ఆగిపోవాలి. చేత్తో నొక్కొద్దు. ఆ పాట సౌండ్లతో కలిపి ట్రాన్స్‌పోజ్ విలువను కూడా రిజిస్ట్రేషన్ మెమరీలో సేవ్ చేసి, పక్క బటన్‌లో తర్వాతి పాటను సున్నాతో సేవ్ చేయండి. మెమరీ పిలిచినప్పుడు ట్రాన్స్‌పోజ్ మారకుండా ఆపే సెట్టింగ్ కొన్నింట్లో ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే ఇదంతా వృథా. స్టేజి ఎక్కే ముందు రెండు బటన్లూ నొక్కి ఒక్కో స్వరం విని చూడండి.

ట్రాక్ విషయంలో మొత్తం మిక్స్‌ను ఐదు సెమీటోన్లు లాగితే డ్రమ్ లూపులు ప్లాస్టిక్ డబ్బా మోతలా అవుతాయి. స్టెమ్స్ (ఒక్కో వాయిద్యం విడిగా ఉన్న ఫైళ్లు) ఉంటే పర్కషన్‌ను అలాగే వదిలి స్వరం ఉన్నవాటినే మార్చండి. రెండు మూడు సెమీటోన్లు దాటితే స్ట్రింగ్స్, ఫ్లూట్ కూడా కృత్రిమంగా వినిపిస్తాయి, అప్పుడు ఆ భాగాన్ని కీబోర్డ్‌లోనే వాయించి కొత్తగా రికార్డ్ చేసుకోవడం మంచిది.

ముగ్గురిలో కీబోర్డ్ ప్లేయర్‌కే వాయిస్తూ పాడటం తేలిక. కాకపోతే కుడిచేత్తో పాట వరసనే వాయించే అలవాటుంటే మానేయమనండి. గొంతు, కీబోర్డ్ ఒకే స్వరం మీద ఉంటే చిన్న తేడా కూడా బయటపడుతుంది. గమకం దగ్గర మరీ.

నాలుగో_తీగ:

వరస గురించి. ఆమె గొంతుకు విశ్రాంతి కావాలంటే ఈ పాటలను అక్కడొకటి ఇక్కడొకటి చల్లొద్దు, రెండు కలిపి పెట్టండి. ఎనిమిది పది నిమిషాలు వరసగా దొరుకుతుంది. ఆ రెండింటిలోనూ ఆమె కోరస్ పాడుతూ ఉంటే అది విశ్రాంతి కాదు. మొదటి పాటలో పూర్తిగా దిగిపోయి నీళ్లు తాగి కూర్చోవాలి, రెండోదానిలో చివరి పల్లవికి వచ్చి పైన మూడో స్వరంలో హార్మొనీ కలిపితే చాలు. మగగొంతు డీ లో ఉంటే ఆ పై భాగం ఆమెకు మధ్యస్థాయిలోనే పడుతుంది. ఇన్నాళ్లూ ఈ పాట పాడేవాళ్లు వేసిన కోరస్ భాగం ఖాళీ అవుతుంది కదా, దాన్ని గిటారిస్ట్‌కు ముందే అప్పగించండి.

ఘోస్ట్_నోట్:

కేఫ్‌కు సరే గానీ, సంగీత్‌లో రెండూ నెమ్మది పాటలైతే డాన్స్ చేసేవాళ్లు కూర్చుండిపోతారు, మళ్లీ లేపడానికి ఇంకో రెండు పాటలు కావాలి. అక్కడ ఒకటి నెమ్మదిది, ఒకటి హుషారుది కలపండి. హుషారుది కీబోర్డ్ ప్లేయర్‌కు ఇవ్వండి. బయట లాన్స్‌లో రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్ నడపకూడదు, బరాత్ ఆలస్యమైతే మీ టైమే కోసుకుపోతుంది. కోసేయగలిగిన పాటలు ఇవే కాబట్టి 9 గంటల లోపే పెట్టేయండి, చివరి అరగంటలో ఆమె పాటలే ఉండాలి.

ఆమె స్టేజి మీదే ఉంటే మధ్యలో ఊరికే నిలబడొద్దు, పక్కకు జరిగి టాంబరిన్ పట్టుకోమనండి. జనం పాడుతున్నవాళ్లను వెతుక్కుంటారు.

గుజరాతీగల్లీ_సౌండ్:

ఒకటి మర్చిపోవద్దు. కోరస్ మైకుల లెవెల్ లీడ్ కంటే తక్కువ పెడ్తరు, ఈక్యూ కూడ పలచగ ఉంటది. బేసిస్ట్ లీడ్ పాడే పాటల అదే సెట్టింగ్ నడిస్తే మొదటి చరణమంత వినబడదు. ఎక్స్ఆర్18ల పాటకొక స్నాప్‌షాట్ (మిక్సర్ సెట్టింగ్‌లన్ని దాచేది) చేసి పెట్టున్రి, రీకాల్‌ల గెయిన్, మానిటర్ పంపకాలు మారకుండ సేఫ్ చేసి, ఫేడర్లు, ఈక్యూ, ఎఫెక్ట్ పంపకాలు మాత్రమే మారేటట్టు చూడున్రి. లేకుంటే పాట నడుమ వెడ్జ్ మోగుతది. వెన్యూ వాళ్ల అనలాగ్ మిక్సరే వాడాల్సి వస్తే, సెట్‌లిస్ట్ ప్రింట్‌ల ప్రతి పాట ముందు లీడ్ ఎవరిదో చానల్ నంబర్ పెద్దగ రాసి ఇంజినీర్ చేతికియ్యున్రి, చానల్ కింద తెల్ల టేప్ మీద కూడ అదే నంబర్ ఉండాలె. సౌండ్‌చెక్‌ల బేసిస్ట్‌తోని కోరస్ లైన్ కాదు, ఆయన లీడ్ పాడే చరణం పై లైన్, బేస్ వాయిస్తనే పాడించుకోవాలె. ఆయన వెడ్జ్‌ల కీబోర్డ్ కొంచెం ఎక్కువ ఇయ్యున్రి. వెనకాల బేస్ యాంప్ మోతల స్వరం దొరకక శ్రుతి దిగేది అక్కడనే.